తృణీకారము

ఒక వస్తువును లెక్కచేయకుండుటకు మన భాషలో 'తృణీకరించుట' యని పేరు. గడ్డిపోచగా నెంచుట యని దాని యర్థము. లంచము పుచ్చుకొన్నవాడు గడ్డి తిన్నాడందుము. తప్పు చేసినవానికి నలుగురును గడ్డి పెట్టిరందుము. తాననుభవింపక పరుల ననుభవింపనీయనివానిని గడ్డివామి యొద్ద కుక్కతో పోల్చుదుము. మాటలలో నింత నీచపదవి నందిన యీ గడ్డివలననే మన పూర్వుల యింట పాడియు, పొలమున నెద్దును, తలపై కప్పును నిలిచియుండెను. వారు గడ్డిని మాటలలో తృణీకరించిరి గాని చేతలలో తృణీకరింపలేదు. మనమో, మాటలలో గోమాతను, భూమాతను, పంచభూతములను స్తుతించుచు, చేతలలో గడ్డికి అగ్గిపుల్ల గీయుచున్నాము.

యాసంగి వరికోతలు ముగిసిన చైత్ర వైశాఖములలో తెలంగాణమున ఏ కాలువక్రింది పల్లెకు పోయినను సాయంకాలమున నీ దృశ్యము కనబడును. హార్వెస్టరు ధాన్యమును రాల్చుకొని పోయినది. దాని వెనుక జానెడేసి, మూరెడేసి యెత్తున కొయ్యకాళ్లు నిలిచినవి. వానిపై నలిగిన గడ్డి వరుసలుగా పడియున్నది. పొలము మూల నెవడో నిప్పు పెట్టును. మిగిలిన పని గాలి చేయును. గట్టుమీది తాటిచెట్టు మాడును. ప్రక్కవాని గడ్డివాము అంటుకొనును. బాటపై పోవువారికి దారి కానరాదు. మఱునాటికి నేల నల్లనై యుండును. అప్పుడు 'పొలము శుభ్రమైన'దని యందురు. శుభ్రమను మాట కింతకంటె అపచారము లేదు. ఏడాదికొక్కనాడు భోగిమంట వేసికొను జాతి, పంట యింటికి వచ్చిన ప్రతిపర్యాయమును భోగి చేసికొనుచున్నది.

ఇది యొక్క ఊరిలో జరుగు అవివేకమైనచో ఇంత వ్రాయవలసిన పని లేకపోవును. మన దేశమున ఏటేట పైరుల నుండి మిగులు గడ్డి, చొప్ప, కట్టె, ఆకు, పొట్టు మొదలగునవి సుమారు 50 కోట్ల టన్నులని కేంద్రప్రభుత్వపు లెక్క. అందులో 9 కోట్ల టన్నులకు పైగా పొలములలోనే కాలిపోవుచున్నదని 2014లో ప్రకటింపబడిన జాతీయ విధానపత్రము చెప్పినది. వరిగడ్డి యొక్కటియే కాదు. గోధుమ మోళ్లు, చెఱకు ఆకు, పత్తికట్టె, మొక్కజొన్న చొప్ప, కందికంప, మిరపకట్టె, అన్నియు నీ హోమమున సమిధలే. ఖాండవవనమును దహించునాడు అగ్నిహోత్రుడు అజీర్తిచే బాధపడి, ఔషధముగా ఆ వనమును కోరెనని భారతకథ. నేడు అగ్ని యాచింపలేదు. మనమే బలవంతముగా వడ్డించుచున్నాము. అజీర్తి మాత్రము మనకు, మన బిడ్డల ఊపిరితిత్తులకు సంక్రమించినది.

ఇట్లు వ్రాయగానే పట్టణములలోని విద్యావంతులు తల యూచి, 'అవును, మన రైతులు మూఢులు' అని తీర్పు చెప్పుదురు. ఆ తీర్పును ఖండించుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. గడ్డిని కాల్చుట తప్పు. కాని అది మౌఢ్యమువలన పుట్టిన తప్పు కాదు. మన మందఱమును గలసి గడ్డికి విలువ లేకుండ చేసి, తరువాత దానిని రైతు నెత్తిన వదలితిమి. విలువలేని బరువును ఎవడు మోయును?

నలువది యేండ్ల క్రిందటి కాపుటింటిని ఒక్కసారి తలపునకు తెచ్చుకొనుడు. వరిని కొడవలితో నేలమట్టమునకు కోసెడివారు. కుప్ప నూర్చిన పిదప గడ్డి మోపులై దొడ్డికి చేరెడిది. వాము వేయుట యొక విద్య. వాన చుక్క లోనికి దిగకుండ వాము వేయగల వానికి ఊరిలో గౌరవముండెను. ఆ వాము ఏడాది పొడుగునను ఎడ్లకు, బఱ్ఱెలకు మేత. పేనిన వెంటితో పురి కట్టి ధాన్యము నిలువచేసెడివారు. పాక కప్పుటకు గడ్డి. మామిడికాయలు మాగవేయుటకు గడ్డి. కుండ క్రింద కుదురునకు గడ్డి. పశువు తినగా మిగిలిన చెత్త పేడతో కలసి పెంటకుప్పకు చేరి, వేసవిలో బండ్లమీద తిరిగి పొలమునకే పోయెడిది. పొలమునుండి బయలుదేరిన గడ్డి పొలమునకు మరల చేరుటలో నొక చక్రము సంపూర్ణమయ్యెడిది.

ఆ చక్రమును విరిచినది రైతు ఒక్కడు కాడు. ట్రాక్టరు వచ్చి ఎద్దును పంపివేసినది. ఎద్దు పోగానే గడ్డి తినువాడు పోయెను. కోతకూలీలు దొరకుట దుర్లభమై, దొరకినను కూలి గిట్టక, హార్వెస్టరు వచ్చినది. అది గంటలలో ఎకరములు కోయును గాని గడ్డిని నలిపి, మట్టిలో కలిపి పాఱవేయును. ఎఱువుల బస్తా వచ్చి పెంటకుప్పను మఱపించినది. రేకులు, సిమెంటు వచ్చి పాకను దించినవి. ఇవి యన్నియు తప్పులని మే మనము. ఎద్దులను తోలుచు, నడుము వంచి కోత కోయుచు జనులు పడిన కష్టము మరల రావలెనని కోరుట సంస్కారము కాదు. అయితే పాత చక్రమును విరిచిన మనము క్రొత్త చక్రమును కట్టవలసియుండెను. అది చేయలేదు. ఆ ఖాళీలోనే అగ్గిపుల్ల ప్రవేశించినది.

ఒక మంచిపని వెనుకముందు లాలోచింపక చేసిన నెట్లు పరిణమించునో పంజాబు దేశము చెప్పుచున్నది. అచ్చట భూగర్భజలములు క్రుంగిపోవుచుండగా, మండువేసవిలో వరి నాటుటను ఆపుటకు 2009లో చట్టము చేసిరి. జూను 10వ తేదీకి ముందు నాట్లు వేయరాదనిరి. నీటికి మేలు జరిగెను. కాని నాటు వెనుకబడగా కోతయు వెనుకబడెను. అక్టోబరు చివర వరి కోసి నవంబరు నడుమ గోధుమ విత్తవలెను. నడుమ దొరకునది రెండు మూడు వారములు. ఆ దినములలోనే సుమారు రెండుకోట్ల టన్నుల వరిగడ్డిని పొలములనుండి తీయవలెను. అచ్చటి రైతు గోధుమగడ్డిని భద్రపఱచి పశువుల కిడును. వరిగడ్డిలో ఇసుకజాతి పదార్థ మగు సిలికా అధికమని దానిని మెచ్చడు. చేత యంత్రము లేదు, కాలము లేదు, కొనువాడు లేడు. అగ్గిపుల్ల మాత్రమున్నది. ఆ సమయముననే చలిగాలి నేల నంటియుండి పొగను పైకి పోనీయదు. వాయవ్యపు గాలి ఆ పొగను ఢిల్లీకి మోసికొనిపోవును. ఢిల్లీ దగ్గినప్పుడే దేశమునకు ఈ వ్యాధి కలదని తెలిసినది.

అప్పుడు శిక్షలు విధించిరి. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలు, రెండెకరములలోపు రైతునకు 2,500 రూపాయలు, అయిదెకరములలోపు వానికి 5,000, అంతకు మించినవానికి 15,000 జరిమానా నిర్ణయించెను. 2024 నవంబరులో కేంద్రప్రభుత్వము ఢిల్లీకిని దాని పరిసరప్రాంతములకును వర్తించునట్లు వానిని 5,000, 10,000, 30,000గా రెట్టింపు చేసెను. జరిమానాల చరిత్ర యిది. మేము చట్టమునకు విరోధులము కాము. పొరుగువాని ఊపిరిని చెఱచు హక్కు ఎవనికిని లేదు. కాని దండము నాలుగు ఉపాయములలో కడపటిదని నీతిశాస్త్రము చదివినవా రందఱు నెఱుగుదురు. సామ, దానముల నడుగక దండముతోనే మొదలిడు రాజు బలవంతుడు కాడు, సోమరి.

ఇక మన తెలుగుదేశపు స్థితి వేఱు. దీనిని చదువరులు శ్రద్ధగా గమనింపవలెను. ఖరీఫు వరికోతకును యాసంగి నాటునకును నడుమ మనకును వ్యవధి తక్కువయే. కాని యాసంగి కోత ఏప్రిలు, మే నెలలలో ముగిసిన పిదప, వానలు పడి తిరిగి నాటు వేయువఱకు నెల మొదలు రెండు నెలల కాలము పొలము ఖాళీగా నుండును. పంజాబు రైతు 'కాలము లే'దనిన మే మొప్పుకొందుము. మన రైతు వేసవిలో ఆ మాట యనిన నొప్పుకొనజాలము. ఇచ్చట లేనిది కాలము కాదు. గడ్డిని కూర్చువానికి దొరకు ప్రతిఫలము లేదు. కావున మన వ్యాధి పంజాబు వ్యాధికంటె తేలికయైనది. తేలికయైన వ్యాధిని మాన్పుకొనకుండుట మఱింత సిగ్గు.

కాల్చిన నేమి పోవునో లెక్క వేయుదము. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు అయిదున్నర కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరము, 25 కిలోల పొటాషు, 400 కిలోల కర్బనము కలవని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎకరమునకు రెండున్నర టన్నుల గడ్డి వచ్చినదనుకొన్నచో, 14 కిలోల నత్రజని, 62 కిలోల పొటాషు, ఒక టన్ను కర్బనము ఆ పొలములో పడియున్నవన్నమాట. నిప్పు పెట్టిన నత్రజని దాదాపు అంతయు గాలిలో కలియును. భాస్వరములో నాలుగవవంతు, పొటాషులో అయిదవవంతు పోవును. మిగిలిన పొటాషు బూడిదలో నుండునుగదా యని వాదింతురేని, ఉండును. కాని అది గడ్డి వరుసలున్న చోట్లనే కుప్పపడి, గాలికి కొంత, తొలకరి వానకు కొంత కొట్టుకొనిపోవును. ఆ 62 కిలోలు మనము బజారులో కొను పొటాషు ఎఱువుతో పోల్చినచో రెండు బస్తాలకు సమానము. ఆ ఎఱువు నంతయు మన దేశము విదేశములనుండి దిగుమతి చేసికొనుచున్నది. ఓడలలో పొటాషు తెప్పించుకొనుచు, పొలములలో పొటాషును గాలిపాలు చేయు గృహస్థుని బుద్ధిమంతుడందుమా?

అన్నిటికంటె పెద్దనష్టము కర్బనము. నేల మెత్తగా నుండుటకు, నీరు నిలుపుకొనుటకు, వేసిన ఎఱువు వేరునకు అందుటకు నదియే యాధారము. ఎఱువు బస్తాలో నత్రజని దొరకును. సేంద్రియపదార్థము ఏ బస్తాలోను దొరకదు. అది చచ్చిన వేరునుండి, రాలిన ఆకునుండి, కుళ్లిన గడ్డినుండి మెల్లమెల్లగా పుట్టవలసినదే. దానిని కాల్చుకొన్నవాడు మూలధనమును తగులబెట్టి వడ్డీకి అప్పు తెచ్చుకొన్నవాడగును.

'నిప్పు పెట్టిన పురుగు చచ్చును' అని మఱియొక వాదము. ఎలుకలబాధకు ఇల్లు తగులబెట్టుకొన్న సామెత దీనికే పుట్టినది. మంటలో కొన్ని పురుగులు చచ్చుట నిజమే. వానితోడనే వానిని తిను సాలెపురుగులును, పై అంగుళమున నుండు మేలుచేయు సూక్ష్మజీవులును చచ్చును. శత్రువు ప్రక్కపొలమునుండి తిరిగి వచ్చును. స్నేహితుడు అంత త్వరగా రాడు. పత్తికట్టెలో గులాబిరంగు పురుగు దాగియుండునను మాటలో సత్యము కలదు. అందుచేత దానిని గట్టున నెలలతరబడి కుప్పవేయరాదు. కాని ముక్కలు చేయు యంత్రముతో తునియలు చేసి దున్నినను ఆ పురుగు దాగుటకు చోటు దొరకదు.

పొగ మాట. ఒక టన్ను గడ్డి కాలినచో సుమారు మూడు కిలోల రేణువులు, 60 కిలోల కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడునని శాస్త్రజ్ఞుల యంచనా. ఆ రేణువులలో సూక్ష్మమైనవి ఊపిరితిత్తుల అట్టడుగునకు దిగి రక్తములోనికి పోగలవు. మేము బడిపంతులము. కర్బనచక్రమును నల్లబల్లపై గీసి, ఆకు గాలినుండి కర్బనమును గ్రహించి నేలకిచ్చునని బోధించుచుండగా, కిటికీలోనుండి ఆ కర్బనమే పొగయై వచ్చి వెనుకబల్ల పిల్లవానిని దగ్గించుచుండును. ఆ పిల్లవాడు పరీక్షలో ఏది వ్రాయవలెను? మా పాఠమునా, తాను కన్నదానినా?

గడ్డిని కాల్చక యేమి చేయవలెనను ప్రశ్నకు జవాబులు లేకపోలేదు. ఉన్నవి, చాల యున్నవి. వానిలో గొప్పలు చెప్పదగినవియు, చెప్పరానివియు కలవు. రెండును చెప్పుదుము.

మొదటిది, నేలకు తిరిగి యిచ్చుట. కృషిపరాశరమను సంస్కృతగ్రంథము, మాఘమాసమున పెంటకుప్పను త్రవ్వి యెండించి, పొడిచేసి, ఫాల్గుణమున పొలములోని గుంతలలో వేసి, విత్తుకాలమునకు చల్లవలెనని విధించుచున్నది. ఇరువదవ శతాబ్దిలో ఆల్బర్టు హోవర్డు అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు మన దేశమునకు వచ్చి, ఇక్కడి కర్షకులను, చీడపీడలను తన ఆచార్యులుగా భావించితినని వ్రాసికొనెను. ఆయన ఇందూరులో, గడ్డిగాదములను పేడ, మూత్రపు మట్టి, బూడిదలతో పొరలుగా పేర్చి, తడిపి, త్రిప్పుచు మూడు నెలలలో చక్కని ఎఱువు చేయు పద్ధతిని క్రమపఱచెను. యశ్వంత్ వాడ్ అను సహచరునితో కలసి 1931లో ప్రకటించిన ఆయన గ్రంథము వ్యవసాయమున వ్యర్థమనబడు పదార్థములను గూర్చినదే. మన చక్రమును మనకే విప్పి చూపిన ఆ గ్రంథమును తరువాత విదేశములవారు శ్రద్ధగా చదువుకొనిరి. మనము బస్తాలు లెక్కపెట్టుకొంటిమి.

కుప్ప వేయు ఓపిక లేనివాడు పొలములోనే కలిపి దున్నవచ్చును. వేసవి జల్లు పడగానే కొయ్యకాళ్లపై సూపరు ఫాస్ఫేటు చల్లి, రోటవేటరుతో కలియదున్నినచో నాటువేళకు గడ్డి మెత్తబడును. ఇందొక మెలకువ యున్నది. గడ్డిలో కర్బన మెక్కువ, నత్రజని తక్కువ. దానిని కుళ్లించు సూక్ష్మజీవులు తమ యాకలికి నేలలోని నత్రజనిని అప్పుగా తీసికొనును. కావున దున్నిన వెంటనే నాటినచో పైరు పసుపుబాఱును. పచ్చిగడ్డిని నీటిలో ముంచి కుళ్లించినచో మీథేను వాయువును పుట్టును. నెలరోజుల ముందుగా దున్నినవాని కీ రెండు బాధలును తక్కువ. ఆ నెలరోజులు మన వేసవిలో కలవని ముందే చెప్పితిమి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనసంస్థ వారు గడ్డిని త్వరగా కుళ్లించు శిలీంధ్రముల మిశ్రమమును 'పూసా డీకంపోజరు' అను పేర వ్యాప్తికి తెచ్చిరి. దానికిని మూడువారములకు పైగా గడువును, తేమయు కావలెను. మంత్రజలమువలె చల్లిన తక్షణమే పనిచేయునని నమ్మించువారిని నమ్మరాదు.

రెండవది, దున్నకయే విత్తుట. లూధియానాలోని పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులతో కలసి, గడ్డి నడుమనే గోధుమ విత్తు 'హ్యాపీ సీడరు' అను యంత్రమును నిర్మించిరి. యంత్రము మాట యటుండ, మన కృష్ణా డెల్టా రైతు వరి కోయకముందే ఆ తడిలో మినుము చల్లు విద్యను చిరకాలముగా నెఱుగును. గుంటూరు ప్రాంతమున వరి కోసిన నేలను దున్నకయే, కొయ్యకాళ్ల నడుమ మొక్కజొన్న గింజలు గ్రుచ్చి పంట తీయువారు వేలకొలదిగా నున్నారు. కొయ్యకాలు శత్రువని చెప్పినవా రొకసారి ఆ పొలములను చూచి రావలెను.

మూడవది, పశువు. డెల్టాలోను, కాలువల క్రిందను గడ్డి కాలుచుండగా, రాయలసీమలో కఱవేడు వచ్చిన రైతు మేత లేక కన్నబిడ్డవంటి ఎద్దును సంతకు తోలుకొనిపోవును. ఈ రెండును ఒకే భాష మాటలాడు జనుల నడుమ జరుగుచున్నవి. బేలరు అను యంత్రము గడ్డిని చుట్టలుగా కట్టి లారీకెక్కింపగలదు. గడ్డిలో సారము తక్కువయనువారికి ఉపాయము కలదు. నూఱు కిలోల గడ్డిపై నాలుగు కిలోల యూరియాను అఱువది లీటర్ల నీటిలో కరగించి చల్లి, గాలి చొరకుండ మూడు వారములు కప్పియుంచినచో మెత్తబడి, మాంసకృత్తుల విలువ సుమారు రెట్టింపగును. కొలత తప్పరాదు. పశువైద్యుని సలహా లేక చేయరాదు.

నాలుగవది, గృహపరిశ్రమ. వరిగడ్డిపై పెరుగు పుట్టగొడుగు మన వేసవి ఉక్కకు చక్కగా నొప్పును. ఒక పాక, కొంత శుచి, కొంత శ్రద్ధ చాలును. పుట్టగొడుగులు కోసిన పిదప మిగిలిన గడ్డి తిరిగి ఎఱువునకు పనికివచ్చును. కూరగాయల మడులలోను, పసుపుతోటలలోను గడ్డి కప్పినచో తేమ నిలుచును, కలుపు అణగును. చెఱకు చెత్తను తోటలోనే పఱచినచో లేత పిలకలను తొలుచు పీకపురుగు బాధ తగ్గునని మన పరిశోధనక్షేత్రములవారు ఏండ్ల తరబడి చెప్పుచున్నారు. పత్తికట్టెతో గట్టి పలకలు చేయవచ్చునని ముంబయిలోని కేంద్రీయ పత్తి సాంకేతిక పరిశోధనసంస్థ నిరూపించినది.

అయిదవది, పెద్దపరిశ్రమ. 2022 ఆగస్టు 10న హర్యానాలోని పానిపట్టున ప్రారంభింపబడిన కర్మాగారము, ఏడాదికి రెండులక్షల టన్నుల వరిగడ్డినుండి మూడుకోట్ల లీటర్ల ఇథనాలు తీయుటకు ఉద్దేశింపబడినది. సంతోషమే. కాని రెండులక్షలకును రెండుకోట్లకును నడుమ దూరమును మఱువరాదు. మఱియు గడ్డినంతయు కర్మాగారమునకు తోలినచో నేల నోరు ఎండును. పశువునకు, పరిశ్రమకు పోగా, వేరును కొయ్యకాలును గడ్డిలో కొంతపాలును నేలకే విడువవలెను. నేల మన ఋణదాత యని యెఱిగినవాడు అసలు నంతయు అమ్ముకొనడు.

ఇన్ని మార్గము లుండగా రైతు ఏల నడువడు? ఇచ్చటనే మన వాదము రైతును విడిచి మనవంక తిరుగును. గడ్డిని దున్నుటకు రోటవేటరు కిరాయి, డీజిలు రైతు జేబునుండి పోవును. దాని ఫలము, అనగా నేల బాగుపడుట, రెండు మూడేండ్లకు గాని కనబడదు. రెండు మూడేండ్లకు ఆ పొలమును దున్నువాడు తానేయను నమ్మకము వానికున్నదా? మాగాణి భూములలో దున్నువాడొకడు, పట్టాదారుడొకడు. ఆ పట్టాదారుడు ఎవరు? పట్టణమున నుద్యోగము చేయుచు, ఇట్టి మాసపత్రికలను చదువుచు, వాయుకాలుష్యమును గూర్చి విచారించు పెద్దమనుష్యులలో పలువురు. కౌలు ఏడాదికొకసారి మాఱును. ఆంధ్రప్రదేశమున 2019లో చేసిన పంటసాగుదారుల హక్కుల చట్టము సైతము ఒప్పందమును 11 నెలలకే పరిమితము చేసినది. తెలంగాణమున 2018లో మొదలైన రైతుబంధు ధనము పట్టాదారుని చేతికే పోయెను గాని కౌలుదారునకు చేరలేదు. పదునొకండు నెలల అతిథిని, వందేండ్ల కర్బనమును కాపాడవేమని యడుగుట న్యాయమా? అద్దెయింటికి ఎవడు పునాది వేయును?

కాపురాని ధాన్యమును పండుగకు తెప్పించుకొని, కౌలుసొమ్ము గడువు దాటనీయక వసూలుచేసి, పొలములో మిగిలిన గడ్డి మాత్రము 'నీ కర్మ' మనునది యే ధర్మము? ఫలములో పాలు గొన్నవాడు అవశేషములోను పాలు గొనవలెను. పొగను నిందించుటకు ముందు, ఆ పొగ తన సర్వేనంబరునుండి లేచుచున్నదేమో విచారించుకొనవలెను. పట్టణమున తన వాకిటిలో రాలిన వేపాకులను ఊడ్చి, వీధిమూలను నిప్పు పెట్టించువాడు పల్లెరైతునకు నీతి చెప్పుట మఱియు విడ్డూరము.

ప్రభుత్వములు నేమియు చేయలేదనము. 2018 నుండి పంజాబు, హర్యానా ప్రాంతములలో యంత్రములకు వ్యక్తులకు సగము, సంఘములకు నూటికి ఎనుబది చొప్పున సాయము చేసిరి. కాని ఏడాదికి మూడువారములు మాత్రమే పనిచేయు యంత్రమును రెండెకరముల రైతు ఒంటరిగా కొని యేమి చేయును? అది ఊరుమ్మడి సొత్తు కావలెను. చెఱువును, దేవాలయమును ఉమ్మడిగా కట్టుకొన్న మన పల్లెలకు ఇది క్రొత్త విద్య కాదు. సహకారసంఘము యొక్క బేలరు, ముక్కలు చేయు యంత్రము, గడ్డి నిలువచేయు కొట్టము, ఇవి మూడును మండలమున కొన్నిచోట్ల వెలసిన నాడు అగ్గిపుల్లకు పని తగ్గును.

కావున మా మనవి యిది. పొలము కౌలుకిచ్చినవారు ఈ యేడే ఒప్పందము వ్రాయునపుడు మూడు మాటలు చేర్చుడు. కౌలు మూడేండ్లకు తగ్గరాదు. గడ్డి కాల్పరాదు. దానిని దున్నుటకు గాని, చుట్ట కట్టించుటకు గాని అగు ఖర్చులో సగము పట్టాదారు భరింపవలెను. ఒప్పందము చట్టమున కెట్లుండినను, మాట మీద నిలుచువానికి అది అడ్డుకాదు. గోశాలలకు ధనమిచ్చు పుణ్యాత్ములు, ఆ ధనములో కొంత వేసవిలో గడ్డి సేకరించుటకు వినియోగించుడు. గోవునకు దండవేసి ఫొటో తీయించుకొనుటకంటె దాని మేతను మంటనుండి తప్పించుట గొప్ప గోపూజ. గృహిణులు తమ పెరటిలో ఆకులగుంత యొకటి త్రవ్వింపుడు. ఉపాధ్యాయులు బడిదొడ్డిలో నొక కుప్ప పేర్చి, కర్బనచక్రమును నల్లబల్లపై గాక పిల్లల చేతులలో చూపుడు. ప్రభుత్వమును జరిమానా అడుగుటకు ముందు సంఘమునకు యంత్రమడుగుడు. అది యిచ్చిన పిదపయు నిప్పు పెట్టువానికి జరిమానా వేసిన మేము కాదనము.

'వ్యర్థ'మను సంస్కృతపదమునకు అర్థము తొలగినదని వ్యుత్పత్తి. అర్థమనగా ప్రయోజనము, అర్థమనగా ధనము. వరిగడ్డినుండి ఈ రెండును తొలగలేదు. ఎకరమునకు రెండు బస్తాల పొటాషు, ఒక టన్ను కర్బనము, ఒక పాడిపశువు మేత ఇంకను దానిలోనే యున్నవి. కొయ్యకాళ్లలో నిప్పు పడకముందే ఆ లెక్కను పట్టాదారును కౌలుదారును ఒక్క అరుగుపై కూర్చుండి వేసికొనవలెను. తొలకరి రాకముందు మనకింకను వ్యవధి కలదు.